అయిదో అమ్మాయి ఎక్కడ?

బాస్కెట్‌బాల్ ఆటలో ఒక నియమం ఉంది. జట్టులో పన్నెండు మంది దాకా ఉండొచ్చు, కోర్టులో ఆడేది మాత్రం అయిదుగురు. ఆట మొదలు కావాలంటే ఆ అయిదుగురూ కోర్టులోకి దిగి తీరాలి. చెప్పిన టైము దాటి పదిహేను నిమిషాలైనా అయిదో మనిషి రాకపోతే ఆట లేదు. ఎదుటి జట్టు 20-0 తేడాతో గెలిచినట్టే లెక్క. విచిత్రమేమిటంటే, ఒకసారి ఆటంటూ మొదలయ్యాక దెబ్బలు తగిలో, ఫౌల్స్ ఎక్కువయ్యో కొందరు బయటికి వెళ్లిపోయినా ఇద్దరు మిగిలితే చాలు, ఆట సాగుతుంది. సాగడానికి ఇద్దరు చాలుగానీ, మొదలవడానికి అయిదుగురూ కావాలి!

మన సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు కాలేజీల్లో ఆడపిల్లల ఆటల సంగతి ఎరిగిన వాళ్లకి ఈ నియమం ఎంత పెద్దదో అర్థమవుతుంది. పోటీలో ఓడి వచ్చిన పిల్లల్ని చూస్తే నాకు బాధనిపించదు. ఓడినా ఆడారు కదా! అసలు కోర్టులోకే దిగకుండా తిరిగొచ్చిన పిల్లల్ని చూస్తేనే మనసు చివుక్కుమంటుంది. ఆట రాక కాదు వాళ్లు ఆడనిది. అయిదో అమ్మాయి రాక.

ఈ కాలేజీ పోటీలంటే ఏమిటో తల్లులకి కాస్త తెలియాలి. మన జిల్లాలోని డిగ్రీ కాలేజీలు ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. దాని కిందున్న కాలేజీల మధ్య ఏటా పోటీలు జరుగుతాయి. వాటిలో బాగా ఆడిన పిల్లల్ని ఏరి విశ్వవిద్యాలయం జట్టు కడతారు. ఆ జట్టు సౌత్ జోన్ పోటీలకి వెళ్తుంది. అక్కడ పైన నిలిస్తే అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల పోటీలు. 2020 నుంచి ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ అనేవి కూడా వచ్చాయి. అమెరికాలో అయితే కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఒక కాన్ఫరెన్స్‌గా ఏర్పడతాయి. కాన్ఫరెన్స్ టోర్నమెంటు గెలిచిన జట్టుకి మార్చి నెలలో జరిగే జాతీయ పోటీలో చోటు దొరుకుతుంది. పేర్లు వేరైనా దారి ఒకటే. కాలేజీ జట్టు మొదటి మెట్టు. అది ఎక్కకుండా రెండోది లేదు.

ఇంకో సంగతి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడటానికి వయసు 17 నుంచి 25 దాకా. మన ఇళ్లల్లో సంబంధాలు చూసే వయసూ అదే కదా! కాలేజీ రోజుల్లో తప్పిపోయిన ఆటని తర్వాత ఎప్పుడో ఆడుకుందాంలే అనుకోవడానికి లేదు. మూడేళ్ల డిగ్రీతో పాటే ఆ తలుపూ మూసుకుంటుంది.

మరి అయిదో అమ్మాయి ఎందుకు రాదు?

'తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడు' అన్న సామెత మనకి ఉండనే ఉంది. ఎండలో ఆడితే నల్లబడిపోతుంది, పొట్టి నిక్కరు వేసుకుంటే నలుగురూ చూస్తారు, కాలో చెయ్యో విరిగితే రేపు పెళ్లెట్లా... ఈ మాటలన్నీ మనం విన్నవే. వీటికి జవాబులూ పాతవే. ఈ రోజుల్లో ట్రాక్ ప్యాంటు వేసుకుని ప్రాక్టీసు చేసే పిల్లని ఎవరూ వింతగా చూడటం లేదు. తలకి గుడ్డ కట్టుకుని ఆడకూడదన్న నిబంధనని అంతర్జాతీయ సమాఖ్య 2017లో తీసేసింది. మన సంగారెడ్డి ముస్లిం ఇళ్లల్లోని ఆడపిల్లలకి ఇది చిన్న సంగతి కాదు. మందలించి, నచ్చజెప్పి ఈ అడ్డంకుల్ని దాటించొచ్చు.

నచ్చజెబితే తీరని అడ్డంకి ఇంకొకటి ఉందని నాకు మా పక్క వాటాలో ఉండే ఆవిడ వల్ల తెలిసింది. ఆవిడ పాశమైలారంలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఆయనకి షిఫ్టు డ్యూటీ. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. పొడుగ్గా, చురుగ్గా ఉండే పిల్ల. కాలేజీ జట్టులోకి తీసుకున్నారు. పదిహేను రోజులు ప్రాక్టీసుకి వెళ్లింది, తర్వాత మానేసింది. పోటీకి వెళ్లాల్సిన నాడు మరో అమ్మాయి జ్వరంతో పడుకుంది. మిగిలింది నలుగురు. బంతి ముట్టుకోకుండానే 20-0!

పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని తెలిసి, నాలుగు మాటలు చెబుదామని వాళ్లింటికి వెళ్లాను. ఆడపిల్లలకి ఆటలు ఎంత అవసరమో చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ బియ్యం ఏరుతూ అంతా విని, "అక్కా, ఆట వద్దని నేననలే. ఆడితే నాకూ సంబరమే. ప్రాక్టీసు అయ్యేసరికి ఆరు దాటుతది. బస్సు కోసం అరగంట నిలబడాలె. చౌరస్తా కాడ దిగి ఇంటిదాకా కిలోమీటరు చీకట్ల నడవాలె. లారీలోళ్లు, తాగినోళ్లు... నా డ్యూటీ ఏడింటికి అయిపోతది. అది ఎట్లొస్తదో నువ్వు చెప్పు, రేపే పంపిస్త" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ మూఢురాలు కాదు, ఆటకి శత్రువూ కాదు. చెప్పాలంటే ఆ ఇంట్లో జవాబు దొరకని ప్రశ్న అది. ఊరంతా కలిసి చెప్పాల్సిన జవాబు.

ఈ ప్రాంతం ఎరగని వాళ్ల కోసం చెబుతున్నాను. హైదరాబాదు నుంచి జహీరాబాదు వైపు పోయే హైవే పొడుగునా రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి. పగలూ రాత్రీ లారీలు ఆగవు. షిఫ్టులు మారే వేళకి జనం, మధ్యలో నిర్మానుష్యం. పక్క సందుల్లో దీపాలు వెలిగినరోజు వెలిగినట్టు. డిసెంబరులో ఆరు కాకముందే చీకటి పడుతుంది. మగపిల్లాడికి ఇది మామూలు రోడ్డు. ఆడపిల్లకి ఇదే కోర్టు కన్నా పెద్ద కోర్టు. రోజూ ఇక్కడ గెలిచి ఇల్లు చేరితే తప్ప అక్కడ ఆడే యోగం లేదు.

బస్సు ఛార్జీల బెంగ కొంత తీరిందనే చెప్పాలి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు లేదు. ఎంతోమంది పిల్లలకి అది మేలు చేసింది. డబ్బు చిక్కు తీరింది, వేళ చిక్కు తీరలేదు. ఉచిత బస్సయినా అది రావాలి కదా!

దారి భయం లేనిచోట ఆడపిల్ల ఎంత దూరం వెళ్తుందో మన రాష్ట్రంలోనే చూశాం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకి అప్పటికి పదమూడేళ్లు. నిజామాబాదు జిల్లా తండా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. ఆ పిల్ల పట్టుదల గొప్పదే. కానీ ఆ వయసు పిల్ల పొద్దున్నే పరుగెత్తి, సాయంత్రం శిక్షణ తీసుకుని, చీకటి పడ్డాక ఇల్లెలా చేరాలా అని భయపడకుండా నిద్రపోగలిగింది కదా, అదీ లెక్కలోకి తీసుకోవాలి. మన జిల్లాలోనూ బుధేరాలో ఆడపిల్లల గురుకుల డిగ్రీ కాలేజీ ఉంది. హాస్టళ్లున్న పెద్ద సంస్థలు కంది, రుద్రారంలలో ఉన్నాయి. అక్కడి పిల్లలకి ఈ దారి బాధ లేదు. ఇంటి నుంచి వచ్చి చదువుకునే ప్రభుత్వ కాలేజీ పిల్లకే ఉంది. ఒకే హైవే మీద, ఒకే ఎండలో ఇంత తేడా!

ఆడవాళ్లు ఈ ఆటలోకి రావడం ఎక్కడా సులువుగా జరగలేదు. అమెరికాలో జేమ్స్ నైస్మిత్ 1891లో ఈ ఆట కనిపెడితే, రెండేళ్లు తిరక్కుండానే స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే టీచరు తన విద్యార్థినులకి నేర్పింది. ఆడవాళ్లు అంత శ్రమ తట్టుకోలేరని అప్పటి పెద్దల నమ్మకం. అందుకని కోర్టుని మూడు గళ్లుగా చీల్చి, ఎవరి గడిలో వాళ్లే ఉండాలన్నారు. ఎదుటివాళ్ల చేతిలో బంతి లాక్కోకూడదన్నారు. 1896లో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అమ్మాయిల మధ్య పోటీ పెడితే చూడటానికి మగవాళ్లని రానివ్వలేదు. స్కోరు 2-1! అయోవా రాష్ట్రంలో హైస్కూలు అమ్మాయిలు 1993 దాకా సగం కోర్టు ఆటే ఆడారంటే నమ్ముతారా?

అక్కడ 1972లో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఏదీ ఆడా మగా తేడా చూపకూడదని దాని సారాంశం. ఆ ఏడే జరిగిన ఆడవాళ్ల జాతీయ కాలేజీ పోటీల్లో ఇమ్మాక్యులేటా అనే చిన్న కాలేజీ గెలిచింది. ప్రయాణం ఖర్చుల కోసం ఆ పిల్లలు టూత్‌బ్రష్‌లు అమ్ముకున్నారు. జట్టంతా వెళ్లడానికి డబ్బు చాలక కొందరే వెళ్లారు. వెళ్లి గెలిచారు. ఆ తర్వాత రెండేళ్లూ వాళ్లే గెలిచారు. చట్టం తలుపు తీసింది. లోపలికి వెళ్లడానికి మాత్రం ఎవరో ఒకరు దారి ఖర్చులు చూసుకోవాల్సి వచ్చింది.

మనకి దగ్గరలో చెన్నై అనితా పాల్‌దురై ఉంది. రైల్వే ఉద్యోగి. ఏళ్ల తరబడి భారత జట్టుకి ఆడింది. పెళ్లయి, బిడ్డ పుట్టాక ఇక ఇంట్లో కూర్చుంటుందనుకున్న వాళ్లకి జవాబుగా మళ్లీ జట్టులోకి వచ్చింది. 2017లో బెంగళూరులో మన మహిళలు ఆసియా కప్ డివిజన్ బి గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆటతో ఉద్యోగం రాదనే తల్లిదండ్రులు ఈమె పేరు గుర్తుపెట్టుకోవాలి. మన పిల్లలందరూ అనితలు కాకపోవచ్చు. అయినా ఓడిపోయి మర్నాడు మళ్లీ బంతి పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల రేపు ఉద్యోగంలోనూ, అత్తింట్లోనూ చిన్న మాటకి కుంగిపోదు.

ఇంతకీ చేయాల్సిందేమిటి?

మొదట కాలేజీలు. జట్టు పేర్లు రాసుకునే రోజే ఏ పిల్ల ఏ ఊరు నుంచి వస్తోంది, చివరి బస్సు ఎన్నింటికి అన్నది కూడా రాసుకోవాలి. ప్రాక్టీసు సాయంత్రమే పెట్టాలని శాస్త్రమేమీ లేదు. మధ్యాహ్నం చివరి పీరియడు రెండింటిని వారానికి మూడు రోజులు ఆటకి వదిలేస్తే చీకటి పడకముందే పిల్లలు ఇల్లు చేరతారు. పోటీలకి సంగారెడ్డి నుంచి ఉస్మానియా క్యాంపస్‌కి వెళ్లిరావాలంటే రోజంతా పడుతుంది. పిల్లల్ని వాళ్ల మానాన బస్సెక్కి రమ్మనకుండా వెంట ఒక లేడీ లెక్చరర్‌ని పంపాలి.

తర్వాత ఆర్టీసీ. షిఫ్టు మారే వేళలు తెలిసినట్టే ప్రాక్టీసు ముగిసే వేళలూ తెలిస్తే, ఉన్న బస్సుల్లోనే ఒకదాని టైము సర్దడం అసాధ్యం కాదు. కాలేజీ ప్రిన్సిపాళ్లు కలిసి డిపో మేనేజరుకి ఒక వినతిపత్రం ఇస్తే పోయేదేముంది?

ఇక మన చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు. ఈ నేల వాటికి పొలాలిచ్చింది. నక్కవాగు తన నీళ్లు పాడుచేసుకుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి 5 కోట్ల రూపాయల నికర లాభం వచ్చే కంపెనీ తన సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతగా ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చుల జాబితాలో గ్రామీణ క్రీడలు, ఒలింపిక్ క్రీడల శిక్షణ ఉన్నాయి. కంపెనీ ఉన్న ప్రాంతానికే ముందు పెట్టాలనీ చట్టంలో ఉంది. షిఫ్టు వర్కర్ల కోసం తిరిగే కంపెనీ బస్సు ఒక ట్రిప్పు పన్నెండు మంది ఆడపిల్లల్ని దించితే ఏ లాభం తరిగిపోతుంది? రంగులేసిన బోర్డు కన్నా, ఫొటోలు దిగే బహుమతి ప్రదానం కన్నా ఆ ఒక్క ట్రిప్పు విలువైంది.

ఇవన్నీ జరిగేదాకా తల్లులు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మా కాలనీలో మరుసటి ఏడాది నలుగురు తల్లులు వంతులు వేసుకున్నారు. ఎవరికి డ్యూటీ లేకపోతే వాళ్లు సాయంత్రం చౌరస్తాకి వెళ్లి పిల్లలందర్నీ వెంటబెట్టుకుని రావడం. నా వంతు మంగళవారం, శుక్రవారం. పక్క వాటా ఆవిడ వంతు ఆదివారం, ఆవిడకి సెలవు ఆ రోజే. ఇది పెద్ద సంస్కరణేమీ కాదు. చేతిలో ఒక టార్చిలైటు, కాళ్లకి చెప్పులు ఉంటే చాలు. ఆ ఏడు జట్టు మొదటి రౌండులోనే ఓడిపోయింది. కానీ ఆడి ఓడింది. ఆ రాత్రి పిల్లలు చౌరస్తా నుంచి ఇంటిదాకా ఏ పాయింటు ఎలా పోయిందో వాదించుకుంటూనే ఉన్నారు.

మీ వీధిలో కూడా ఏ అమ్మాయో ప్రాక్టీసు మానేసి ఉంటుంది. ఆటలంటే ఇష్టం లేదేమో అనుకుని వదిలేయకండి. ఇల్లెలా చేరుతోందో ఒక్కసారి అడగండి. జవాబు మీ చేతిలోనే ఉండొచ్చు.