ధైర్యం సరే, పోటీ ఏదీ?

ఆటలో దెబ్బ తగిలిన ఆడపిల్లతో మనం అనే మొదటి మాట "ఇక చాల్లేమ్మా". బిబియాన్ మెంటెల్ సంగతి తెలిశాక నాకా మాట నోట రావడం లేదు.

ఆమెది నెదర్లాండ్స్. మంచు వాలుమీద ఒకే పలకకు రెండు కాళ్లూ బిగించుకుని జారే స్నోబోర్డింగ్ ఆమె ఆట. చీలమండ దెబ్బకని చూపించుకుంటే ఎముక కేన్సర్ బయటపడింది. మోకాలి కింద కాలు తీసేశారు. కృత్రిమ కాలితోనే 2002లో మళ్లీ జాతీయ విజేత అయింది!

అందరూ ఆ ధైర్యాన్నే మెచ్చుకుంటారు. ధైర్యం ఒక్కటీ ఏం చేస్తుందండీ? దిగడానికి పోటీ ఉండాలిగా! అప్పటికి పారాలింపిక్స్‌లో ఈ ఆటే లేదు. చేర్చమని ఏళ్లతరబడి పోరాడింది. మన దగ్గరైతే అలా అడిగేవాళ్లేరీ? 2014లో సోచిలో చేర్చారు. స్వర్ణం ఆమెదే. 2018లో మరో రెండు. 2021లో, నలభై ఎనిమిదేళ్లకు, ఆ కేన్సర్‌తోనే పోయింది. ఆమె పట్టుబట్టి తెప్పించిన పోటీ మాత్రం ఉంది.