‘అభ్యంతరం లేదు’ అని రాసిందెవరు?

మీ పొలం పక్క సర్వే నంబర్లో గ్రావెల్ తవ్వుకుంటామని ఎవరో దరఖాస్తు పెట్టారనుకోండి. ఆ సంగతి మీకు ఎప్పుడు తెలుస్తుంది? మామూలుగా అయితే పొక్లెయిన్ దిగిన రోజున తెలుస్తుంది. అప్పుడు పదిమందీ పోగై పుంతకి అడ్డంగా బండి పెడతారు. పోలీసులొస్తారు. గుత్తేదారు సంచిలోంచి కాగితాలు తీస్తాడు. అందులో ఒకటి తహసీల్దారు కార్యాలయం నుంచి వెళ్ళిన ‘అభ్యంతరం లేదు’ అనే పత్రం. రైతులు నోరు వెళ్ళబెడతారు. మాకు అభ్యంతరం ఉంది కదయ్యా, లేదని ఎవరు రాశారు?

కక్షగట్టి ఎవరూ రాసి ఉండరు. ఉందని చెప్పినవాడు లేడు కాబట్టి లేదని రాసి ఉంటారు.

ఫైలు నడిచే దారి చూడండి. గ్రావెల్ అనేది చట్టం లెక్కలో చిన్నతరహా ఖనిజం. వీటిమీద నిబంధనలు చేసుకునే అధికారాన్ని 1957 నాటి గనుల చట్టం రాష్ట్రాలకిచ్చింది. మన దగ్గర 1966లో నిబంధనలు వచ్చాయి, తరవాత ఎన్నోసార్లు సవరించారు. దరఖాస్తు గనుల శాఖకి పడుతుంది. ఆ భూమి ఎవరిది, చెరువు పోరంబోకా, పుంతా, శ్మశానమా, ఇస్తే ఇబ్బందేమైనా ఉందా అని ఆ శాఖ రెవెన్యూ వారిని అడుగుతుంది. వి.ఆర్.ఓ., సర్వేయరు వచ్చి చూసి వెళతారు. వాళ్ళొచ్చినప్పుడు పొలంలో ఎవరుంటారు? దరఖాస్తుదారుడు ఉంటాడు. మోటారు సైకిలు మీద ఎక్కించుకొచ్చింది కూడా అతనే కావచ్చు. మీరు ఆ వేళ ఎరువుల కొట్టు దగ్గర ఉంటారు. ఇక రిపోర్టు ఎలా వస్తుందో చెప్పనక్కర్లేదు కదా.

గ్రామసభ సంగతి మరీ విచిత్రం. మెట్టలో ఒక వూళ్ళో జరిగింది చెబుతాను, వూరి పేరెందుకు లెండి. టముకు వేశారు, పింఛన్ల గురించి సభ అన్నారు. జనం వచ్చారు. రాగానే రిజిస్టరు పట్టుకొచ్చి హాజరు సంతకాలు చేయించుకున్నారు. పింఛన్ల మాట అయిపోగానే ఆడవాళ్ళు ఇళ్ళకి, మగవాళ్ళు టీ కొట్టుకి వెళ్ళిపోయారు. ఆ తరవాత చివరి అంశంగా గ్రావెల్ తీర్మానం రాసుకున్నారు. సంతకాలు అప్పటికే ఉన్నాయి! ఆర్నెల్ల తరవాత నకలు తెప్పించుకుని చూస్తే తీర్మానం కింద తన సంతకమే ఉందని ఒక రైతు నెత్తి కొట్టుకున్నాడు. ఆయన బోరు ఆ క్వారీకి కూతవేటు దూరంలో ఉంది.

అందుకని మొదటి మాట. సభలో సంతకం ఎప్పుడు పెట్టాలో మీకు హక్కుంది. తీర్మానాలు చదివి వినిపించాక పెడతామనండి. ముందే పెట్టాల్సి వస్తే సంతకం పక్కన ‘హాజరు మాత్రమే’ అని రాసి తేదీ వేయండి. దానికి సెక్రటరీ ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

సరే, గ్రావెల్ పూర్తిగా వద్దంటారా అని మీరడగొచ్చు. నేను అలా అనను. మన ఇంటి పునాది మెరకకి, మన వూరి రోడ్డుకి, కాలువ గట్టుకి గ్రావెల్ కావాలి. ఆకాశంలోంచి రాదది. ఎక్కడో ఒకచోట తవ్వాల్సిందే. ఎక్కడ, ఎంత లోతు, ఏ దారిన, ఎన్నాళ్ళు అన్నవి మాత్రం మనం మాట్లాడాల్సిన సంగతులు. ‘మా వూళ్ళో గ్రావెల్ వద్దు’ అని ఏకవాక్యంగా రాసిన అర్జీని ఏ ఆఫీసరైనా పక్కన పెట్టేస్తాడు. ‘మా బావి ఇన్ని గజాల దూరంలో ఉంది, ఇదిగో కొలత’ అని రాసినదాన్ని పక్కన పెట్టాలంటే కారణం రాయాలి. కారణం రాయడం ఆఫీసుల్లో ఎవరికీ ఇష్టం ఉండదు.

లెక్క ఒకటి వేసి చూపిస్తాను. సభలో ఈ లెక్క చదవండి చాలు. లీజు 5 హెక్టార్లు అనుకుందాం, అంటే 12 ఎకరాల పైచిలుకు. లోతు 6 మీటర్లు, మన భాషలో ఇరవై అడుగులు. మొత్తం 3 లక్షల ఘనపు మీటర్ల గ్రావెల్. అంచులకి వదిలేది తీసేస్తే కొంత తగ్గుతుంది, అది అలా ఉంచండి. టిప్పరుకి 6 ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే 50 వేల టిప్పర్లు. అయిదేళ్ళు, ఏడాదికి 250 రోజులు పని నడిస్తే రోజుకి 40 లోడ్లు. వెళ్ళేది 40, ఖాళీగా వచ్చేది 40. ఎనిమిది గంటల పనిరోజులో ప్రతి 6 నిమిషాలకీ ఒక టిప్పరు మీ పుంత మీదుగా పోతుందన్నమాట. ఆ పుంత ఎడ్లబండి కోసం వేసింది. బడి పిల్లలు సైకిళ్ళ మీద వెళ్ళేదీ ఆ దారే. దరఖాస్తులో ‘రవాణా మార్గం ఉన్నది’ అని ఒక్క ముక్కలో సరిపెడతారు.

దుమ్మంటే తుడుచుకుంటే పోయేదే కదా అంటారు పట్నం వాళ్ళు. మామిడి పూత మీద పడిన దుమ్ము తుడిచేదెవరు? పూత నిండుగా ఉన్న జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే దారులు ఎండి లారీలు ఎక్కువ తిరుగుతాయి. దుమ్ము పట్టిన ఆకుల మీద నల్లి పెరుగుతుందన్నది మిరప రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. మందు ఖర్చు మీద పడుతుంది. అది ఏ నష్టపరిహారం లెక్కలోకీ రాదు.

నీళ్ళ సంగతి ఇంకా పెద్దది. మన మెట్టలో ఎర్రనేల కింద గరప పొర ఉంటుంది, దాని కింద మెత్తరాయి. వాన నీరు గరపలోంచి ఇంకి మెత్తరాయిలో నిలబడితేనే మన బావులకీ బోర్లకీ ఊట. ఆ గరపని లారీకెత్తితే నీరింకే పొరని ఎత్తేసినట్టే. గొయ్యి లోతు మీ బావిలో నీటి మట్టం కంటే కిందికి దిగిందా, ఊట అటు తిరుగుతుంది. వాళ్ళు మోటారు పెట్టి తోడి పారబోస్తారు. చెరువుకి నీళ్ళు తెచ్చే వాగుకి అడ్డంగా తవ్వితే వాననీరు ఆ గోతిలో పడి చెరువు ఎండుతుంది. తవ్వేశాక అదే చెరువవుతుంది కదా అని గుత్తేదారు అంటాడు. కొంత నీరు నిలిచి ఇంకే మాట నిజమే. కానీ నిట్రగా కోసిన ఇరవై అడుగుల గోడల మధ్య నిలిచిన నీళ్ళలో దిగిన గేదె తిరిగి ఎక్కలేదు. ఈతకి దిగిన పిల్లవాడి మాట నేను రాయను. పేపర్లో మీరే చదువుతుంటారు.

1961 నాటి గనుల నిబంధనల్లో మొరం, గ్రావెల్, మట్టి తవ్వకాలకి వేరుగా నియమం రాశారు. గోడని 45 డిగ్రీలకి మించని వాలుగా తీయాలి. లేదా మెట్లు మెట్లుగా తీయాలి. మెట్టు ఎత్తు మీటరున్నర దాటకూడదు, వెడల్పు ఎత్తుకి తగ్గకూడదు. పక్క పొలం హద్దు నుంచి 7.5 మీటర్లు వదలాలి. మీ చుట్టుపక్కల ఇప్పటికే ఉన్న గోతులు వెళ్ళి చూసి, ఇన్ని మెట్లు కనిపించాయా అని సభలో అడగండి. పక్కవాడి నేల మన నేలకిచ్చే సహజమైన ఆనుదల మన హక్కని 1882 ఈజ్‌మెంట్ల చట్టమే చెబుతోంది. మీ గట్టు జారి గోతిలో పడితే అది దైవికం కాదు.

పంచాయతీకి సీనరేజిలో వాటా వస్తుందిగా అని సర్పంచి అంటారు. వస్తుంది, కాదనను. ఆ వాటా ఎంత వస్తుందో, టిప్పర్లు నలిపేసిన రోడ్డు మళ్ళీ వేయడానికి ఎంతవుతుందో రెండూ పక్కపక్కన బోర్డు మీద రాయమనండి. ఆ తరవాత మాట్లాడుకుందాం.

ఇక పర్యావరణ అనుమతి. 5 హెక్టార్ల లోపు లీజులకి ఇది అక్కర్లేదన్న ధోరణి ఒకప్పుడు ఉండేది. దాంతో పెద్ద విస్తీర్ణాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి అడగడం మొదలైంది. హర్యానా నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న దీన్ని తప్పుబట్టి, 5 హెక్టార్ల లోపు వాటికీ అనుమతి ఉండాల్సిందే అంది. 2016 జనవరిలో కేంద్రం ఇంకో ముడి వేసింది: ఒక లీజు అంచుకీ ఇంకో లీజు అంచుకీ 500 మీటర్ల లోపు దూరముంటే అవన్నీ ఒక సముదాయం కిందే లెక్క. కాబట్టి పక్కపక్కన నాలుగు పేర్ల మీద నాలుగు దరఖాస్తులు కనపడితే, నాలుగూ కలిపి ఎంతవుతుందో కూడండి. బావమరిది పేరు, డ్రైవరు పేరు కూడా వదలొద్దు. మొత్తం 5 హెక్టార్లు దాటితే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని గట్టిగా అడగొచ్చు. ఆ సభకి 30 రోజుల ముందు నోటీసు ఉండాలి.

‘హైవే పని కోసం మట్టండీ, దీనికి ఏ అనుమతీ అక్కర్లేదు’ అన్న మాట కూడా మీరు వినే ఉంటారు. రోడ్లు, పైపులైన్ల వంటి పనులకి మామూలు మట్టి తవ్వకాన్ని కేంద్రం 2020 మార్చి 28న పర్యావరణ అనుమతి నుంచి మినహాయించిన మాట వాస్తవం. ఆ గంపగుత్త మినహాయింపుని సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. కాబట్టి హైవే పేరు చెబితే నోరు మూసుకోనక్కర్లేదు. ఏ ఉత్తర్వు కింద తవ్వుతున్నారో కాగితం చూపించమనండి.

బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వంటి షెడ్యూల్డ్ మండలాల రైతులకి మిగతావాళ్ళకి లేని బలం ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం అక్కడ చిన్నతరహా ఖనిజాల లీజుకి ముందు గ్రామసభ గానీ తగిన స్థాయి పంచాయతీ గానీ సిఫారసు చేయడం తప్పనిసరి. మైదానం వూళ్ళ తీర్మానానికి అంత చేవ లేదు, ఉన్నమాటే చెప్పుకోవాలి. అయినా ఫైల్లో అది ఉంటే, రేపు ట్రిబ్యునల్‌కి వెళ్ళినా కోర్టుకి వెళ్ళినా మీరు మొదటినుంచీ చెబుతున్నారన్న దానికి రుజువు అదే.

మనలోనే ఉన్న చిక్కు ఒకటి దాచకుండా చెప్పుకోవాలి. భూమి ఇచ్చేది కూడా రైతే. ఎకరంన్నర మెరక నేల, నీరెక్కదు, పంట చేతికి రాదు, ఇంట్లో పెళ్ళి. ‘మెరక తీసి సాపుచేసి ఇస్తాం, పైన డబ్బులు కూడా ఇస్తాం’ అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆయన్ని వూరంతా కలిసి దొంగలా చూడటం నాకు నచ్చదు. కానీ ఆయనకి ఒక మాట చెప్పేవాళ్ళుండాలి. మూడడుగులని మొదలుపెట్టినవాడు పదిహేను అడుగుల దగ్గర ఆగిన సందర్భాలు మన కళ్ళ ముందే ఉన్నాయి. పైమన్ను జానెడు తయారవడానికి వందల ఏళ్ళు పడుతుంది, దాన్ని ముందే లారీకెత్తుకుపోతారు. మిగిలిన గోతికి పాసుపుస్తకం మాత్రం ఆయన పేరు మీదే ఉంటుంది. అనుమతి లేకుండా తవ్వారని జరిమానా నోటీసొస్తే అదీ ఆయన పేరు మీదే రావచ్చు. ఇవ్వక తప్పదనుకుంటే లోతు ఎన్ని అడుగులో, పైమన్ను పక్కన పోసి మళ్ళీ పరుస్తారో లేదో స్టాంపు కాగితం మీద రాయించుకోవాలి. కౌలు రైతు మాట కూడా అడగాలి. కాగితాల్లో ఎక్కడా కనపడకపోయినా గొయ్యి పడిన మర్నాటి నుంచి పని పోయేది అతనికే.

ఈ వారంలో చేయదగ్గ పని ఒకటుంది. దరఖాస్తు వచ్చినా రాకపోయినా మీ బావిలో తాడు దించి నీటి మట్టం కొలవండి. బోరయితే ఎన్ని గంటలు నీరందుతోందో చూడండి. తేదీ వేసి పక్క రైతుల చేత సంతకం పెట్టించి ఉంచండి. వేసవిలో మళ్ళీ కొలవండి. తవ్వకానికి ముందు మట్టం ఎంతో రాసిపెట్టుకోని రైతు, తవ్వాక బావి ఎండిందంటే నమ్మేవాళ్ళుండరు. ‘ఈ ఏడు వానల్లేవు’ అని తేల్చేస్తారు.

సచివాలయంలో మీ సర్వే నంబరు చుట్టుపక్కల దరఖాస్తులేమైనా ఉన్నాయా అని సమాచార హక్కు కింద అడగండి. గ్రామస్థాయిలో దానికి ఫీజు లేదు. జవాబు 30 రోజుల్లో రావాలి. పర్యావరణ అనుమతి వచ్చేసి ఉంటే దాని నకలు పంచాయతీకి చేరాలి, పంచాయతీ వాళ్ళు 30 రోజులు బోర్డు మీద పెట్టాలి. ఆ బోర్డు వైపు ఓ చూపు వేస్తూ ఉండండి, ఎందుకంటే చెన్నైలో ఉన్న హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకి గడువు కూడా 30 రోజులే. ఆలస్యానికి సరైన కారణం చూపితే ఇంకో 60 రోజుల వరకు ఒప్పుకోవచ్చు, ఆపైన కుదరదు.

అభ్యంతరం రాసేటప్పుడు సర్వే నంబరు, బావికీ క్వారీ హద్దుకీ దూరం, పుంత వెడల్పు, వాగు పేరు, మీ పంట ఇవి ఉంటే చాలు, తిట్లు వద్దు. మూడు కాపీలు తీయండి. ఒకటి పంచాయతీకి, ఒకటి తహసీల్దారుకి. మూడోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా ఆఫీసు మెట్లు దిగకండి.