కూల్చే ముందు ఒకసారి గీకి చూడండి

పాత ఇంటికి మరమ్మతు అనగానే మన దగ్గర ముందు దిగేవి సిమెంటు బస్తాలే. గోడ పెచ్చులూడితే సిమెంటు పూత, గచ్చు పగిలితే దానిమీదే టైల్స్, దూలాలు కంటికి ఆనకపోతే కింద ఫాల్స్ సీలింగ్. కోస్తా ఊళ్లలోని మండువా లోగిళ్లు, హైదరాబాద్ పాతబస్తీలోని దేవిడీలు ఎన్నో ఇలాగే పొరల కింద మరుగునపడ్డాయి. బయటికి కనిపించేది పాడుబడిన కొంప. దాంతో బిల్డర్‌కు అప్పగించడమే మేలని వారసులు అనుకుంటారు.

ఆ నిర్ణయానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. గోడ మీద ఒక మూల జానెడు జాగాలో పదునైన బ్లేడుతో ఒక్కో పొరనే లేపాలి. ప్లాస్టిక్ ఎమల్షన్ కింద డిస్టెంపర్, దాని కింద ఏళ్ల తరబడి వేసిన వెల్ల, అన్నిటికీ అడుగున అద్దంలా నునుపుదేలిన సున్నపు గార బయటపడొచ్చు. మండువా స్తంభానికి పట్టిన ఆయిల్ పెయింట్ వదిలితే టేకు ఈనెలు, ఉలి చెక్కిన పద్మాల రేకులు తేలతాయి.

ఇది అందం కోసమే కాదు. సున్నంతో కట్టిన ఇటుక గోడ నేల నుంచి పీల్చిన తేమను మెల్లగా బయటికి వదులుతుంది. పైన సిమెంటు మెత్తితే ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోపలే నిలిచి, ఉప్పు పొంగి, ఇటుక గుల్లబారుతుంది. పూత ఊడిపోతుంది, మేస్త్రీ మళ్లీ సిమెంటే పూస్తాడు. ఇంటి జబ్బుకు కారణమైనదే మందుగా చలామణీ అవుతోంది.

గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో ఆగాఖాన్ ట్రస్టు పని మొదలుపెట్టాక, 20వ శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నపు పూతే వేశారు. అక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం దక్కింది. అదే ఏడాది కామారెడ్డి జిల్లా దోమకొండ గడికోటకూ యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ కోట ప్రభుత్వానిది కాదు, ఒక కుటుంబానిది. సొంతవాళ్లు పూనుకుంటే ఎంత చేయొచ్చో అది చూపించింది.

అయితే అందరికీ ఆ స్తోమత ఉండదు. పాత ఇంట్లో కాపురముండేవాళ్లకు కొత్త వైరింగూ కావాలి, మంచి బాత్రూమూ కావాలి. పుచ్చిన దూలాన్ని మార్చక తప్పదు. అవన్నీ చేసుకుంటూనే గారను, గచ్చును, చెక్కపనిని కాపాడుకోవచ్చు. అందుకు గానుగ సున్నం ఆడించడం, కరక్కాయ, బెల్లం నీళ్లు పాళ్లెరిగి కలపడం తెలిసిన మేస్త్రీలు కావాలి. వాళ్లు నానాటికీ తగ్గిపోతున్నారు.

తెలంగాణలో 2017లో వారసత్వ చట్టం వచ్చింది. రక్షిత కట్టడాల జాబితాకెక్కని మామూలు ఇళ్లకు మాత్రం ఇంకా ఆసరా కావాలి. పాత ఇంటిని పాత పద్ధతిలో బాగుచేసుకునేవారికి రెండు తెలుగు రాష్ట్రాలూ ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలి. ఐటీఐలలో సున్నపు పని నేర్పాలి. కూల్చివేతకు అనుమతి ఇచ్చే ముందు మున్సిపాలిటీ ఇంజినీరు ఇంటికి వెళ్లి, ఆ పొరల కింద ఏముందో చూసి రాసుకు రావాలి.