వెంట్రుకవాసి లెక్క

ఒక చిన్న ప్రశ్న. తొందరపడకుండా జవాబు చెప్పండి. చెరువులో పడవ ఉంది. పడవలో పెద్ద బండరాయి ఉంది. పడవలోని మనిషి ఆ రాయిని ఎత్తి చెరువులో పడేశాడు. రాయి మునిగి అడుక్కి చేరింది. ఇప్పుడు చెరువులో నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, ఉన్నచోటనే ఉంటుందా?

ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగి చూశాను. ఎక్కువమంది, “పెరుగుతుంది, అడగడానికేముంది?” అనేశారు. కుండలో గులకరాళ్లు వేసి నీళ్లు పైకి తెచ్చుకున్న కాకి కథ చిన్నప్పుడే మన బుర్రకెక్కింది గదా! కాకి తెలివైనదే, కాదనను. కానీ కాకి రాళ్లను బయటినుంచి తెచ్చింది, పడవలోంచి తియ్యలేదు. కిటుకంతా అక్కడే ఉంది.

సికింద్రాబాదులో ఉండేవాళ్లకు ఇది ఉత్త పొడుపుకథ కాదు. మన ముంగిట్లోనే, హుస్సేన్‌సాగర్‌లో జరిగిన సంగతి. పదహారవ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలాన హుస్సేన్ షా వలీ తవ్వించిన ఆ చెరువు మధ్యన బుద్ధవిగ్రహం నిలబెట్టాలని ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సంకల్పించారు. భువనగిరి దగ్గర రాయగిరిలో దొరికిన తెల్ల గ్రానైటును గణపతి స్థపతిగారి పర్యవేక్షణలో ఏకశిలా విగ్రహంగా చెక్కారు. ఎత్తు సుమారు 58 అడుగులు, బరువు మూడు వందల టన్నుల పైమాట. 1990 మార్చి 10న దాన్ని బల్లకట్టు మీద ఎక్కించి చెరువులోకి తీసుకువెళుతుంటే, ఒడ్డు దాటి ఎంతో దూరం పోకముందే బల్లకట్టు ఒరిగింది. విగ్రహం జారి నీళ్లలో పడిపోయింది. దాంతోబాటు కొందరు పనివాళ్లూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహాన్ని పైకి తీసి, 1992 డిసెంబరు 1న చెరువు మధ్యనున్న జిబ్రాల్టర్ బండ మీద నిలబెట్టారు. ఆ మనుషులు మాత్రం తిరిగి రాలేదు.

ఇక ప్రశ్నకు వద్దాం. విగ్రహం నీళ్లలో పడ్డ క్షణాన హుస్సేన్‌సాగర్ నీటిమట్టం పెరిగిందా?

లేదు, తగ్గింది!

మా వీధిలో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఈ మాట చెబితే, “మాస్టారూ, మీరు చెప్పేది వినడానికి బాగుంది గాని నమ్మడానికి బాగాలేదండీ” అన్నారు. ఆయన మనవరాలు ఏడో తరగతి. “బకెట్లో చూద్దాం తాతయ్యా!” అంటూ సగం బకెట్టు నీళ్లు, ఒక స్టీలు గిన్నె, కిరాణాకొట్టులో అడిగి తెచ్చిన ఇనప అరకిలో తూకంరాయి సిద్ధం చేసింది. గిన్నెలో తూకంరాయి పెట్టి నీళ్లలో తేల్చింది. నీళ్లు ఎంతవరకు వచ్చాయో బకెట్టుకు గీత గీసింది. తరవాత రాయిని గిన్నెలోంచి తీసి మెల్లిగా నీళ్లలో వదిలింది. గిన్నె తేలుతూనే ఉంది. నీళ్లు మాత్రం గీతకు పావు అంగుళం దాకా కిందికి దిగాయి.

పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశారు. “మరి ఆ నీళ్లెక్కడికి పోయాయమ్మా?” అన్నారు.

మంచి ప్రశ్న. నీళ్లెక్కడికీ పోలేదు. రాయి బరువు తగ్గగానే గిన్నె పైకి లేచింది. గిన్నె ఖాళీచేసిన చోటులోకి చుట్టూ ఉన్న నీళ్లు చేరాయి. అంతే. తేలే వస్తువు తన బరువెంతో అంత బరువు నీటిని పక్కకు నెడుతుంది. మునిగిన వస్తువు తన పరిమాణమెంతో అంత నీటినే నెడుతుంది. గిన్నెలో ఉన్నంతసేపూ ఆ అరకిలో రాయి అరలీటరు నీటిని నెట్టింది. మునిగాక దాని వల్ల పక్కకు జరిగింది అరవై అయిదు మిల్లీలీటర్లే. ఇనుము నీటికంటె దాదాపు ఎనిమిది రెట్లు బరువు గదా! తేలే వస్తువుల ఈ సూత్రాన్ని ఇరవైరెండు శతాబ్దాల కిందటే సిరక్యూజ్ నగరంలో ఆర్కిమెడీస్ చెప్పాడు.

ఇదే లెక్క చెరువుకు వేద్దాం. విగ్రహం బరువు 320 టన్నులనుకోండి. బల్లకట్టు మీద ఉన్నంతసేపూ అది 320 ఘనపు మీటర్ల నీటిని నెట్టింది. గ్రానైటు నీటికంటె రెండున్నర రెట్లకు కొంచెం పైగా బరువు. కాబట్టి మునిగాక విగ్రహం ఆక్రమించింది 120 ఘనపు మీటర్లే. తేడా 200 ఘనపు మీటర్లు. చెరువు వైశాల్యం అయిదు చదరపు కిలోమీటర్లని పెట్టుకుంటే, విగ్రహం ఒడ్డునుంచి బల్లకట్టు ఎక్కినప్పుడు మట్టం మిల్లీమీటరులో 16వ వంతు పెరిగింది. మునిగినప్పుడు 25వ వంతు తగ్గింది. మన తలవెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే. వెంట్రుకవాసి అంటాం చూశారా, అచ్చంగా అదే! చిరుగాలి వీచినా అంతకు వందరెట్లు అల లేస్తుంది. అందుకే ఆ తేడా ఎవరి కంటా పడలేదు.

వినాయకచవితి నిమజ్జనం లెక్క వేరు. ట్యాంకుబండు మీదనుంచి క్రేనుతో దింపిన విగ్రహం కాకి వేసిన రాయిలాంటిది. అది మట్టాన్ని పెంచుతుంది. ఎంత చెరువుకు అంత వెంట్రుకవాసి!

ఈ లెక్కలన్నీ సరే, ఇంత పెద్ద బల్లకట్టు ఎందుకు ఒరిగిందని మీరు అడగవచ్చు. ఆనాటి ప్రమాదానికి తీర్పు చెప్పబోవడం లేదుగాని, అందరూ తెలుసుకోవలసిన మాట ఒకటుంది. తేలడం వేరు, ఒరగకుండా ఉండడం వేరు. బరువెంత అన్నదాన్నిబట్టి పడవ తేలుతుందో మునుగుతుందో తేలిపోతుంది. ఆ బరువు ఎక్కడుంది అన్నదాన్నిబట్టి నిలుస్తుందో ఒరుగుతుందో తేలుతుంది. పడవ కాస్త వాలితే, దిగిన పక్కన నీరు ఎక్కువ బలంతో పైకి నెట్టి దాన్ని సరిచేస్తుంది. కానీ బరువు మరీ ఎత్తున ఉన్నా, వాలిన పక్కకే జారినా నీటి బలం చాలదు. జారేకొద్దీ ఒరుగుతుంది, ఒరిగేకొద్దీ జారుతుంది.

ఓడల్లో లాభానికి ఆశపడి అతిగా సరుకు నింపి నావికుల ప్రాణాలు తీస్తున్నారని బ్రిటన్‌లో శామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే పార్లమెంటు సభ్యుడు గట్టిగా పోరాడాడు. దాని ఫలితంగా 1876లో చట్టం వచ్చింది, ఓడ పక్కన గీత వెలిసింది. తరవాత తరవాత ఆ గీత మునిగేలా సరుకెక్కించకూడదన్న నియమం స్థిరపడింది. మా వీధి అమ్మాయి బకెట్టు మీద గీసిన గీతకూ దానికీ చుట్టరికం ఉంది. ఒకటి నీళ్లెంత లేచాయో చెబుతుంది, రెండోది ఓడ ఎంత దిగిందో చెబుతుంది.

లుంబినీ పార్కు నుంచి బుద్ధుడి దగ్గరికి పిల్లాపాపలతో పడవలో వెళ్లేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, పడవ అంచు నీటికి ఎంత ఎత్తున ఉందో చూడండి. చాలా తక్కువగా ఉంటే తరవాతి పడవకు వెళ్లండి. విగ్రహం దగ్గరపడగానే ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు ఎగబడవద్దు. ఉక్కగా ఉందని పిల్లల లైఫ్ జాకెట్లు విప్పవద్దు. తోవలో వాళ్లకు ఆ బండరాయి ప్రశ్న వెయ్యండి. తప్పు చెబితే కోప్పడకుండా, ఇంటికి రాగానే ఒక బకెట్టు నీళ్లివ్వండి.