ఏ పని మనము చేయవలెను? ఏ పని గుత్తకీయవలెను?

సేద్యము చేయు రైతునకు అన్ని పనులును తన చేతులతోనే చేసికొనుట ఏనాడును సాధ్యము కాలేదు. నాగటికఱ్ఱును కమ్మరి పదును పెట్టెను. బండిచక్రమును వడ్రంగి బాగుచేసెను. వారికి రైతు కళ్ళమువద్ద మేర కొలిచి యిచ్చెను. కావున పనిని పరుల కొప్పగించుట మనకు క్రొత్త కాదు. క్రొత్తదేమనగా, నేడు వరికోత యంత్రము, మందు చల్లు డ్రోను, లారీ, మిల్లు, తుదకు కంప్యూటరు లెక్కలు సైతము గుత్తకు దొరకుచున్నవి. కావుననే ఏది యీయదగును, ఏది యీయరాదు అను వివేచన రైతునకును, అతని సంఘమునకును మిక్కిలి యవసరమైనది.

రాబోవు సర్వసభ్య సమావేశమున ధాన్యపు కొనుగోలు కేంద్రపు పనులన్నిటిని, తూకముతో సహా, ఒకే గుత్తేదారునకీయవలెనను ప్రతిపాదన రానున్నది. దీనిని గూర్చి మా యభిప్రాయమును సభ్యుల యెదుట నుంచుట విధి యని తలంచుచున్నాము.

ఈ విషయమున మేము నష్టపడి నేర్చిన పాఠమొకటి కలదు. కొన్ని యేండ్ల క్రిందట పని యొత్తిడికి జంకి హమాలీ, రవాణా, తూకము మూడింటిని ఒకరికే యొప్పగించితిమి. ఎత్తుడును దింపుడును చక్కగనే జరిగినవి. తూకమున మాత్రము తరుగు పేరిట బస్తాకు కిలో చొప్పున ఎక్కువ లాగుచున్నారని సభ్యులు మొఱపెట్టిరి. మేము కాటావద్ద నిలిచి చూచునప్పటికి సగము ధాన్యము వెడలిపోయినది. ధాన్యముకంటె నమ్మకము పోవుట పెద్ద నష్టమైనది. మఱుసటి పంటకు పలువురు సభ్యులు కళ్ళముననే దళారికి తక్కువ ధరకు అమ్ముకొనిరి. తప్పు గుత్తేదారునిది మాత్రమే కాదు. కాటాను చేజార్చుకొనిన మాదియును.

ఇట్టి నిర్ణయమునకు రెండు ప్రశ్నలు చాలును. మొదటిది లెక్కకు సంబంధించినది. 6 లక్షల రూపాయల యంత్రమొకటి కొనవలెనా, అద్దెకు తేవలెనా యని సంఘ మాలోచించుచున్నదనుకొందము. అది 10 ఏండ్లు పనిచేయునెడల ఏటి యరుగుదల 60,000. నూటికి 9 చొప్పున వడ్డీ 54,000. భీమా, పాక కలిపి 6,000. అనగా యంత్రము కదలకున్నను ఏటికి 1,20,000 రూపాయలు ఖర్చు. గంటకు అద్దె 1,200 రూపాయలై, స్వంత యంత్రమునకు నూనె, డ్రైవరు, మరమ్మతు కలిపి 600 అయినచో, గంటకు మిగులునది 600. ఈ లెక్కను ఏటికి 200 గంటల పని యున్ననే కొనుట గిట్టును. మన పని 120 గంటలే యైనచో అద్దెకు తెచ్చుటయే వివేకము. 300 గంటలైనచో కొనుటయే లాభము. అంకెలు ఊరికొక రీతిగ మాఱవచ్చును, పద్ధతి మాఱదు.

రెండవ ప్రశ్న యిది: ఆ పని చెడినచో సంఘపు ప్రాణమునకు ముప్పు గలుగునా? గుజరాతులోని ఖేడా జిల్లా పాల సంఘము 1946లో రిజిష్టరైనది. 1948లో రెండు గ్రామముల నుండి దినమునకు సుమారు 250 లీటర్ల పాలతో పని ప్రారంభించినది. అప్పటికి దానికి స్వంత కర్మాగారము లేదు; ఆనందులోని ప్రభుత్వ క్రీమరీలో కొంత భాగమును అద్దెకు పుచ్చుకొనెను. స్వంత కర్మాగారము 1955లో గాని వెలయలేదు. అయినను గ్రామమున పాలు కొలుచుట, వెన్న పరీక్షించుట, రైతునకు సొమ్ము చెల్లించుట సభ్యుల సంఘముల చేతిలోనే యున్నవి. యంత్రము అద్దెది కావచ్చును. కొలత మాత్రము తమదే.

మనకును అదే న్యాయము. హమాలీ, రవాణా, మిల్లాడించుట గుత్తకీయవచ్చును. కాటా, తేమ కొలుచు పరికరము, రశీదు పుస్తకము ఈయరాదు. ధాన్యమున తేమ నూటికి 17 మించరాదని కొనుగోలు నియమము. ఆ యంకెను చదువువాడు పరాయివాడైనచో రైతు ధర వాని నాలుకపై నున్నట్లే. అప్పు ఎవరికీయదగునను నిర్ణయమును, లెక్కలపై సంతకమును సైతము ఇట్టివే. సంఘముల లెక్కలను కంప్యూటరునకెక్కించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022లో ఆమోదించినది. ఆ యంత్రమును బాగుచేయుటకు బయటివారిని పిలువవచ్చును. కాని దానిని తెఱచు రహస్య సంకేతము కార్యదర్శి వద్దనే యుండవలెను.

ఇక ఇచ్చు విధము. నోటిమాట చాలదు, కాగితము వలయును. ప్రభుత్వము కొనిన ధాన్యమునకు మిల్లువారు 100 క్వింటాళ్ళ వడ్లకు పచ్చిబియ్యమైనచో 67, ఉప్పుడు బియ్యమైనచో 68 క్వింటాళ్ళు అప్పగింపవలెనను నియమమున్నది. మన స్వంత వడ్లను ఆడించునప్పుడును బియ్యమెంత, తవుడు, నూక, ఊక యెవరివి యని ముందే వ్రాసికొనవలెను. కోతయంత్రమునకు గంట చొప్పున ఇచ్చిన మెల్లగ నడుచును. ఎకరము చొప్పున ఇచ్చిన త్వరపడి గింజ రాల్చును. కావున కోత యెత్తు, రాలుడు, గడ్డి సంగతి ముందే తేల్చుకొనవలెను. మొదట చిన్న చెక్కలో పరీక్షించి, తుది వాయిదా సొమ్ము పని చూచిన పిదప చెల్లింపవలెను. ఇంకొక మాట: పని గుత్తకిచ్చినను, ఆ పని యెఱిగినవా రిరువురైనను సంఘమున నుండవలెను. పని తెలియనివాడు గుత్తేదారుని తప్పు పట్టలేడు.

కావున ప్రతిపాదనను పూర్తిగ త్రోసివేయుమని మేము చెప్పుట లేదు. హమాలీ, రవాణా గుత్తకిండు. తూకమును, తేమను, రశీదును సంఘమున నిలుపుకొనుడు. కాటావద్ద వంతులవారీగ నిలుచుటకు సభ్యులు దినమునకిద్దరు ముందుకు వచ్చినచో, గుత్తేదారునకీయనున్న సొమ్ములో కొంత మిగులుటయే కాక, పోయిన నమ్మకమును మరల సంపాదించుకొనగలము. సభ్యులెల్లరును సమావేశమునకు వచ్చి, లెక్క వేసి, తమ చేయి యెత్తుదురుగాక.