జడ్జి పేరు కనపడాలి, పోటీదారు పేరు కాదు

మార్కులు వేయించుకోవడం మన సాఫ్ట్‌వేర్ జనాలకు కొత్త కాదు. ఎంసెట్ ర్యాంకుతో మొదలవుతుంది, ఇంటర్నల్స్, వైవా, క్యాంపస్ ఇంటర్వ్యూ, ఆ తర్వాత ఏటేటా అప్రైజల్. ఇంత అనుభవం ఉండి కూడా, ఒక మనిషి పనిని ఇంకో మనిషి ఎట్లా కొలవాలి అనే విషయంలో మనకన్నా ఇంట్లో బీరు కాచుకునే అమెరికా వాళ్లే నయం అని నా అభిప్రాయం. నవ్వొద్దు, సీరియస్‌గానే చెప్తున్నా.

ముందు మా ఊరి సంగతి. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు దేవనకొండ. మా కడ జాతరొచ్చిందంటే బండలాగుడు పోటీలు ఉండాల్సిందే. ఎద్దుల్ని పళ్లను బట్టి విడగొడతారు. పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఇట్లా. ఇచ్చిన టైములో బండను ఎంత దూరం లాగాయో టేపు పెట్టి కొలిచి, అడుగులు అంగుళాలతో సహా మైకులో చెప్తారు. ఎద్దులు సర్పంచువైనా, కౌలు రైతువైనా టేపుకు తెలీదు. గొడవ లేదు.

కానీ రుచికి టేపు లేదు. ముగ్గుకి లేదు, పాటకి లేదు, మనం రాసే డిజైన్ డాక్యుమెంటుకీ లేదు. అక్కడ కొలవాల్సింది మనిషే. మనిషన్నాక మొహమాటం, ఇష్టాయిష్టాలు, ముందే ఏర్పడ్డ అభిప్రాయాలు ఉంటాయి. టేపు లేని చోట న్యాయంగా కొలవడం ఎట్లా? ఈ ప్రశ్నకు నేను చూసినవాటిలో బాగా ఆలోచించిన సమాధానం హోమ్‌బ్రూ పోటీలే. నేను ప్రస్తుతం డెన్వర్ దగ్గర్లో ఉంటున్నా. మా టీములో ఒకాయన బలవంతం మీద మూడేళ్లుగా ఒక క్లబ్బు పోటీలో వాలంటీరుగా పనిచేస్తున్నా. సీసాలు మోయడం, గ్లాసులు అందించడం, పేపర్లు సర్దడం నా పని.

కొంచెం చరిత్ర. అమెరికాలో మద్యనిషేధం 1933లో పోయినా, ఇంట్లో బీరు కాచుకోవడం మాత్రం చట్టవిరుద్ధంగానే మిగిలిపోయింది. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో దానికి పన్ను లేకుండా అనుమతి వచ్చింది. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరూ అంతకన్నా ఎక్కువుంటే 200. అమ్ముకోడానికి లేదు. సారా బట్టీ పెట్టుకోడానికి ఆ చట్టం అనుమతివ్వలేదు. రాష్ట్రాలన్నీ ఒప్పుకునేసరికి 2013 అయింది, చివర్లో ఒప్పుకున్నవి అలబామా, మిసిసిపీ. అదే 1978లో చార్లీ పాపజియన్, చార్లీ మాట్జెన్ అనే ఇద్దరు మాకు దగ్గర్లోని బౌల్డర్‌లో అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ పెట్టారు. మరుసటి ఏడాది నుంచి జాతీయ పోటీ. పోటీలు పెరిగాక జడ్జీలు ఒక్కొక్కరు ఒక్కో రకంగా మార్కులేస్తే కుదరదని 1985లో బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ మొదలైంది. అందరూ బీజేసీపీ అంటారు.

గమనించారా, ముందు పరీక్ష పెట్టింది జడ్జీలకి! ఆన్‌లైన్‌లో ఒక పరీక్ష పాసవ్వాలి. తర్వాత గంటన్నరలో ఆరు బీర్లు రుచి చూసి, ఆరింటికీ స్కోర్‌షీట్లు నింపాలి. వాటిని అనుభవమున్న జడ్జీలు రాసినవాటితో పోల్చి దిద్దుతారు. అందులో వచ్చిన మార్కులు, ఎన్ని పోటీల్లో పనిచేశారన్న అనుభవం కలిపి హోదా ఇస్తారు. మన దగ్గర జడ్జి అవ్వాలంటే ఏం కావాలి? శాలువా కప్పించుకునే స్థాయి ఉంటే చాలు.

ఇంక పోటీలో ఎట్లా పాల్గొంటారంటే, ముందు ఆన్‌లైన్‌లో ఎంట్రీ నమోదు చేసి, కొద్దిపాటి ఫీజు కట్టాలి. (చాలా పోటీలు నడిచేది ఓ ఓపెన్ సోర్స్ పీహెచ్‌పీ అప్లికేషన్ మీద. పీహెచ్‌పీని వెక్కిరించే మిత్రులు గమనించగలరు.) ఎంట్రీతో పాటు మీ బీరు ఏ రకానిదో చెప్పాలి. బీజేసీపీ పుస్తకంలో వందకు పైగా రకాలున్నాయి, ఒక్కో రకానికి వాసన ఎట్లా ఉండాలి, రంగు ఎట్లా ఉండాలి, చేదు ఎంత ఉండాలి అని వివరంగా రాసిపెట్టారు. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. తర్వాత రెండో మూడో సీసాలు పంపాలి. సీసా మీద లేబులుండకూడదు. మూత మీద గుర్తేదైనా ఉంటే నల్ల మార్కరుతో కొట్టేయాలి. వివరాలున్న కాయితం రబ్బరు బ్యాండుతో చుట్టి పంపితే, ఇక్కడ అది తీసేసి సీసాకు ఒక నంబరు వేస్తారు. అక్కడి నుంచి ఆ సీసాకు పేరు లేదు, ఊరు లేదు. జడ్జి కూడా పోటీలో సీసా పెట్టుండొచ్చు, కానీ తను పెట్టిన విభాగానికి తను మార్కులేయకూడదు.

పోటీ రోజు ఒక్కో బల్ల దగ్గర కనీసం ఇద్దరు జడ్జీలు. సెంటు పూసుకోకుండా వస్తారు. చెక్క పెన్సిలు కూడా వాడరు, ఆ చెక్క వాసన అడ్డొస్తుందట! ముందు తేలికవి, తర్వాత ఘాటువి వచ్చేలా సీసాలు సర్దుతాం. నాలుక కడుక్కోడానికి మంచినీళ్లు, ఉప్పు లేని బిస్కెట్లు. గ్లాసులో రెండు మూడు గుక్కలే పోస్తారు. అందరూ తాగి ఊగుతుంటారని ఊహించుకున్న వాళ్లకు నిరాశే, పరీక్ష హాలుకన్నా నిశ్శబ్దంగా ఉంటుంది.

మొత్తం 50 మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తమ్మీద ఎట్లా ఉందన్నదానికి 10. ముందు ఎవరికి వాళ్లు, మాట్లాడుకోకుండా రాస్తారు. రాశాకే చర్చ. ఇద్దరి మధ్య తేడా ఏడు మార్కులకు మించితే కూర్చుని మళ్లీ రుచి చూసి, వాదించుకుని దగ్గరికి రావాలి. 45 దాటితే అద్భుతం కిందికి లెక్క, అది చాలా అరుదు. ఎంత ఘోరంగా ఉన్నా 13 కన్నా తక్కువ వేయకపోవడం మర్యాద.

అసలు సంగతి ఏమిటంటే, ఒట్టి అంకె వేసి ఊరుకోడానికి లేదు. ఎందుకు వేశారో రాయాలి. వెన్న వాసనొస్తోంది, ఉడికిన మొక్కజొన్న వాసనొస్తోంది, పచ్చి ఆపిల్ వాసనొస్తోంది, ఇట్లా ఏం కనపడిందో చెప్పాలి. దానికి కారణం ఏమయ్యుండొచ్చో, ఈసారి ఏం మార్చాలో కూడా రాయాలి. ఆ రాసిన కాయితం మీద జడ్జి పేరు, హోదా, ఈమెయిలు ఉంటాయి. ఆ కాయితం నేరుగా పోటీదారుకు వెళ్తుంది. రిబ్బను ముగ్గురికే వస్తుంది, కాయితం అందరికీ వస్తుంది. డబ్బు బహుమతుల కోసం ఎవరూ రారు. ఆ కాయితం కోసమే వస్తారు.

చూడండి, పోటీదారు పేరు దాచారు, జడ్జి పేరు బయటపెట్టారు. మన లోకంలో సరిగ్గా తిరగేసి ఉంటుంది.

నేను మొదట పనిచేసిన కంపెనీలో (పేరొద్దులెండి) ఒక ఏడాది నాకు సగటు రేటింగొచ్చింది. ఎందుకని మేనేజర్ని అడిగితే "నేను ఒక మెట్టు పైనే ఇచ్చా, నార్మలైజేషన్లో తగ్గించారు" అన్నాడు. ఎవరు తగ్గించారు సార్ అంటే ఆయనకీ తెలీదు. ఏం మార్చుకోవాలి అంటే "విజిబిలిటీ పెంచుకో" అన్నాడు. ఆ ఏడు వచ్చే హైకుతో చేన్లో బోరు వేయిద్దామని నాయనా నేనూ అనుకున్నాం, వేయించలేదు. నాకు బాధనిపించింది డబ్బు గురించి ఒక్కటే కాదు. నా పని చూసి మార్కులేసిన మనిషికి నా పేరు తెలుసు, జీతం తెలుసు, బహుశా నా కాలేజీ కూడా తెలుసు. నాకు మాత్రం ఆ మనిషి పేరూ తెలీదు, కారణమూ తెలీదు. పచ్చి ఆపిల్ వాసనొచ్చిందా, వెన్న వాసనొచ్చిందా? ఎవరూ చెప్పలేదు.

ఇంకో తేడా ఉంది. లవంగం వాసన పిల్స్‌నర్‌లో వస్తే తప్పు. అదే జర్మన్ గోధుమ బీరులో రాకపోతే తప్పు. అందుకని ముందు రకం ఏమిటో తేల్చుకుని, ఆ రకానికి రాసిపెట్టిన లెక్క ప్రకారం చూస్తారు. ఒక బల్ల మీద ఇంతమందికే 40 దాటాలన్న కోటా లేదు. పక్క సీసా బాగుందని నీ మార్కు కోసేయరు. రిబ్బను కోసం పోల్చి చూడటం వేరే మెట్టు. మన బెల్ కర్వులో ముందు పోల్చడం, కారణం తర్వాత వెతుక్కోవడం. పైగా ప్రొడక్షన్ సపోర్టు చేసేవాణ్ణి, కొత్త ఫీచర్ రాసేవాణ్ణి ఒకే లిస్టులో పెట్టి వరసగా నిలబెడతారు. పాలపళ్ల దూడల్ని ఆరు పళ్ల ఎద్దులతో కలిపి బండ లాగించినట్టు. మా ఊర్లో ఆ పని చేస్తే కమిటీవాళ్లని తన్నేవాళ్లు :-)

ఇదంతా మనకు చేతకాని పనేం కాదు. కోడ్ రివ్యూలో రోజూ చేసేదే. "బాగాలేదు" అని ఒక్క ముక్క రాసి రిజెక్ట్ చేస్తే ఊరుకుంటామా? ఏ లైను, ఎందుకు, ఏం మార్చాలి అని అడుగుతాం, రివ్యూ చేసినవాడి పేరు పక్కనే కనపడుతుంది. కోడుకు ఇచ్చే గౌరవం కోడు రాసినవాడికి ఇవ్వడం లేదు, అంతే.

ఈ పద్ధతిలో లోపాల్లేవా అంటే ఉన్నాయి. మనిషి నాలుక టేపు కాదు. రాబర్ట్ హాడ్గ్‌సన్ అనే ఆయన కాలిఫోర్నియాలో ఓ పెద్ద వైన్ పోటీలో జడ్జీలకు తెలీకుండా ఒకే వైనును మూడుసార్లు ఇప్పించి చూశాడు. 2008లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, మూడుసార్లూ ఇంచుమించు ఒకేలా మార్కులేసినవాళ్లు పదిశాతం మాత్రమే. బీరు జడ్జీలు అంతకన్నా దేవుళ్లని నేననుకోను. రకాల పుస్తకాన్ని పట్టుకు వేలాడితే కొత్తగా ప్రయత్నించేవాడికి అన్యాయం జరుగుతుందన్న వాదనా నిజమే. కానీ నా మటుకు, జడ్జి పొరపడతాడు కాబట్టే కారణం రాయించాలి. కారణం కాయితం మీదుంటే పొరపాటు పట్టుకోవచ్చు. రెండు పోటీలకు ఒకే బీరు పంపి, నలుగురు జడ్జీలూ వెన్న వాసన అని రాస్తే అది నిజమని తెలుసుకోవచ్చు. ఒట్టి అంకెతో ఏం తెలుస్తుంది?

ఇంక "తెలుగువాడివై ఉండి బీరు పోటీలను పొగుడుతావా" అనే వాళ్లకు. మా అమ్మ కూడా ఫోన్లో ఇదే అడిగింది, "ఏంరా, సారా కాచేవాళ్లతో తిరుగుతాండవా" అని. ఆమె భయం నాకు అర్థమవుతుంది. సారా ఎన్ని కొంపలు ముంచిందో ఆమె తరం కళ్లారా చూసింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, రెండేళ్లకే రెండోది సడలించారు. మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఇప్పటికీ నేరం. దాన్ని మార్చమని నేనడగడం లేదు. తాగమనీ చెప్పడం లేదు. బీరు వదిలేసి కాయితం తీసుకుందాం అంటున్నా.

ఎక్కడ మొదలుపెట్టొచ్చు? కంపెనీలు మన మాట వినవు గానీ, మన సంఘాలు మన చేతిలోవే కదా. సంక్రాంతికి ముగ్గుల పోటీ, వంటల పోటీ పెడతాం. జడ్జీలుగా స్పాన్సర్లు, వాళ్ల ఇంటివాళ్లు. పులిహోర గిన్నె పక్కనే చేసినామె చిరునవ్వుతో నిలబడి ఉంటుంది, ఆమెకు ఎదురుగా ఎవరు తక్కువేస్తారు? ఫలితాలు వచ్చాక మూడు నెలలు మాటల్లేవు. ఈసారి గిన్నెలకు నంబర్లు వేయండి. చేసినవాళ్లను పక్క గదిలో కూర్చోబెట్టండి. పులుపు, ఉప్పు, పోపు, మెతుకు దేనికెన్ని మార్కులో వారం ముందే అందరికీ పంపండి. ఇద్దరు జడ్జీలు మాట్లాడుకోకుండా రాయాలి, తర్వాత కూడబలుక్కోవాలి. ఓడిన వాళ్లతో సహా అందరికీ రెండు వాక్యాలు రాసివ్వాలి, కింద సంతకం పెట్టాలి.

మీలో టీమ్ లీడ్లున్నారు, మేనేజర్లున్నారు. నార్మలైజేషన్ మీటింగు మీ చేతిలో ఉండకపోవచ్చు. కానీ మీ కింద పనిచేసేవాళ్లకు రేటింగుతో పాటు ఒక పేజీ రాసిచ్చి, కింద మీ పేరు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంతకం పెట్టలేని మార్కు వేయకపోవడమే మంచిది. ఏమంటారు?