మంత్రసాని చెయ్యి - నర్సమ్మ సర్టిఫికెట్టు

పంజాగుట్టలో నిమ్స్ దవాఖాన గేటు ముందు పొద్దున డ్యూటీ మారే వేళ ఒక్క అరగంట నిలబడి చూడండి. రాత్రంతా మేలుకున్న నర్సులు బయటికొస్తుంటారు. పగటి డ్యూటీ వాళ్లు లోపలికి పోతుంటారు. గోడ పక్కన మన పల్లెల నుంచి రోగిని తెచ్చుకున్న జనం సంచి తలకింద పెట్టుకుని పడుకుని ఉంటారు. పెద్ద డాక్టరు ఎప్పుడొస్తాడో వాళ్లకు తెలవదు. సూది వేసే సిస్టర్, పుండు కడిగి కట్టు కట్టే సిస్టర్, అర్ధరాత్రి పిలిస్తే పలికే సిస్టర్ - వాళ్లకు దవాఖాన అంటే ఆమే.

అక్కణ్ణించి కొంచెం దూరం నడిస్తే అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ గోడ కనపడకుండా బోర్డులు. సాఫ్ట్‌వేర్ కోర్సులు, విదేశీ భాషలు, సర్కారు ఉద్యోగాల పరీక్షలు. ఇరుకు హాస్టల్ గదుల్లో ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు. వాళ్లలో నర్సింగ్ చదివి పరీక్షకు తయారయ్యే ఆడపిల్లలున్నారు. జర్మనీలో నర్సు ఉద్యోగం కోసం జర్మన్ భాష నేర్చుకునే వాళ్లూ ఉన్నారు.

పంజాగుట్టలో పని. అమీర్‌పేటలో ఆ పనికి టిక్కెట్టు. ఒకప్పుడు ఈ పనికి టిక్కెట్టు లేదు, పిలిచి అంటగట్టేవాళ్లు. ఇప్పుడు టిక్కెట్టు పెట్టారు, ధర కూడా పెట్టారు. ఈ మార్పు ఎట్లా వచ్చిందో మనవాళ్లు తెలుసుకోవాలి.

మన నాయనమ్మలు చేసింది సర్టిఫికెట్టు లేని నర్సింగే. ఊళ్లో కాన్పు వస్తే మంత్రసానిని పిలిచేవాళ్లు. ఆమె ఏ కులం? మంగలి, చాకలి, మాల, మాదిగ. దొర గడీలో అయినా, కరణం ఇంట్లో అయినా బిడ్డను మొదట తాకింది ఆమె చెయ్యే. బొడ్డు కోసింది ఆమే, మాయ పూడ్చింది ఆమే. పురుడు తీరాక ఇంటికి శుద్ధి చేసుకుని ఆమెను మాత్రం గడప బయట నిలబెట్టారు. కూలి ఏంది? చేటెడు బియ్యం, పాత చీర. నెత్తురు, చీము, చావు, పురుడు - ఇవన్నీ మైల అన్నారు. ఆ మైలను ఎత్తిపోసే పని మనకు కులధర్మం చేశారు. మనువు మన చేతికిచ్చిన డిప్లొమా అదే!

ఈ పని ఒక్క మన దేశంలోనే చిన్నచూపుకు గురి కాలేదు. ఇంగ్లండులో కూడా నర్సు అంటే దిక్కులేని ముసలామె అనే అభిప్రాయం ఉండేది. 1854లో ఫ్లారెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధానికి పోయి సైనికులకు సేవ చేసింది. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల బడి పెట్టించింది. శుభ్రత, లెక్కలు, రికార్డులు, క్రమశిక్షణ - సేవను చదువుగా మార్చింది. ఆమె గొప్పతనం గొప్పతనమే. కానీ అదే యుద్ధానికి పోతానన్న జమైకా నల్లజాతి స్త్రీ మేరీ సీకోల్‌ను లండన్‌లో తీసుకోలేదు. ఆమె తన డబ్బుతో తానే పోయి సైనికులకు వైద్యం చేసింది. అమెరికాలో మేరీ మహోనీ అనే నల్లజాతి స్త్రీ 1879లో శిక్షణ పూర్తి చేసి నర్సయింది. అక్కడ రంగు అడ్డం నిలబడింది. ఇక్కడ కులం.

మనకూ మనవాళ్లున్నారు. తొలి పంతులమ్మ అని మనం దండ వేసే సావిత్రిబాయి ఫూలే ఎట్లా చనిపోయింది? 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు రోగులకు సేవ చేస్తూ, అదే రోగం అంటి చనిపోయింది. ఆమె పంతులమ్మగా బతికి నర్సమ్మగా ప్రాణం ఇచ్చింది.

మద్రాసు జనరల్ ఆస్పత్రిలో 1871లో నర్సుల శిక్షణ మొదలైంది. ఎవరు చేరాలి? పైకులాల వాళ్లు తమ ఆడపిల్లల్ని పంపలేదు. పరాయి మగవాణ్ణి ముట్టుకోవడమా, రాత్రి డ్యూటీనా, మలమూత్రాలు ఎత్తడమా అన్నారు. అందుకే మొదట్లో నర్సులంతా తెల్లవాళ్లు, ఆంగ్లో ఇండియన్లు, ఆ తర్వాత మిషన్ బడుల్లో చదివిన క్రైస్తవుల బిడ్డలు. తెలుగు దేశంలో ఆ క్రైస్తవులు ఎవరు? ఎక్కువమంది మాల మాదిగలే.

అమెరికా లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. 1898లో ఆడవాళ్లకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచింది. వెల్లూరులో ఐడా స్కడ్డర్ 1909లో నర్సింగ్ బడి పెట్టింది. నిజాం రాజ్యంలో మెదక్, డిచ్‌పల్లి మిషన్ ఆస్పత్రులు పేదవాణ్ణి, కుష్ఠు రోగిని ముట్టుకుని చూశాయి. మిషనరీలు మతం కోసం వచ్చారు, అది దాచాల్సింది లేదు. కానీ వాడలో పుట్టిన పిల్లకు పలకతో పాటు థర్మామీటరు ఇచ్చింది కూడా ఆ తలుపే. చేటెడు బియ్యం పోయి నెల జీతం వచ్చింది. "ఒసే" అనే పిలుపు పోయి "సిస్టర్" అనే పిలుపు వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు.

1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే ఈ దేశంలో 43 వేల మందికి ఒక్క నర్సు ఉంది. అదే సంవత్సరం ఢిల్లీలో, వెల్లూరులో బి.ఎస్సీ. నర్సింగ్ మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఏఎన్ఎం, జీఎన్ఎం, బి.ఎస్సీ. అని మెట్లు ఏర్పడ్డాయి. హైదరాబాదులో సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులో సర్కారు నర్సింగ్ కాలేజీ ఉంది. నిమ్స్‌కు తన సొంత నర్సింగ్ కాలేజీ ఉంది. 2023లో పాత కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు.

చదువు వచ్చింది, జీతం వచ్చింది, విదేశాల దారి వచ్చింది. అప్పుడు మైల ఎటు పోయింది? డబ్బు తగలగానే మైల కడుక్కుపోయింది! ఇప్పుడు అన్ని కులాల పిల్లలూ నర్సింగ్‌కు వస్తున్నారు. రానీయండి, మంచిదే. పని నుంచి కులం వాసన పోవాలనేగా మన కొట్లాట. కానీ వాసన పోయినచోట గేటు ఎందుకు పెడుతున్నారని అడుగుతున్నాం.

మొదటి గేటు రాజ్యాంగ ఉత్తర్వు పేరుతో ఉంది. 1950 ఎస్సీ ఉత్తర్వు ప్రకారం మతం మారిన దళితుడు ఎస్సీ కాదు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సి అని ఒక్క శాతంలో కూర్చోబెట్టారు. తెలుగునాట నర్సింగ్‌ను భుజాన మోసిన వాళ్ల మనవరాళ్లకు నర్సింగ్ సీటులో వాటా నూటికి ఒకటి! గుడికి పోతే ఒక లెక్క, చర్చికి పోతే ఒక లెక్క. వాడలో ఇల్లు మాత్రం ఒక్కచోటే.

రెండో గేటు ఫీజు. సర్కారు సీటు దొరకని పిల్ల ప్రైవేటు కాలేజీకి పోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కోర్సు అయినా సర్టిఫికెట్టు చేతికి రాదు. ఇక పరీక్ష. తెలంగాణలో 2022 చివర 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. తర్వాత పోస్టులు పెంచి 2024 జనవరిలో 6,956 మందికి నియామక పత్రాలిచ్చారు. ఇది మంచి పని. కానీ పరీక్ష అనగానే కోచింగ్, కోచింగ్ అనగానే హాస్టల్ కిరాయి. కూలి చేసే తల్లి బిడ్డను ఎన్ని నెలలు అమీర్‌పేటలో ఉంచగలదు?

మూడో గేటు జీతం. ప్రైవేటు నర్సుల బతుకు మీద 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం ఒక కమిటీ వేసింది. రెండు వందల పడకలు దాటిన ఆస్పత్రిలో సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలని, యాభై పడకల లోపు చిన్న ఆస్పత్రిలో కూడా నెలకు 20 వేలకు తగ్గకూడదని ఆ కమిటీ చెప్పింది. ఆ కాగితం చూపించి జీతం అడిగిన నర్సుకు ఏ జవాబు వస్తుందో మీ ఊరి నర్సమ్మనే అడగండి. సర్కారులో మాత్రం ఏం తక్కువ? పల్లెల్లో టీకాలు వేసే రెండో ఏఎన్ఎంలు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేసి, 2023 ఆగస్టులో పర్మినెంట్ చెయ్యమని సమ్మెకు దిగాల్సి వచ్చింది. చేటెడు బియ్యానికి కొత్త పేరు కాంట్రాక్టు.

కార్యకర్తలకు మా మాట. మీ వాడలో ఇంటర్ బైపీసీ చదివే ఆడపిల్లల, మగపిల్లల లిస్టు రాయండి. సర్కారు నర్సింగ్ సీటుకు దరఖాస్తు తేదీలు వాళ్లకు ముందే చెప్పండి. బ్రోకరు మాట విని ఎక్కడపడితే అక్కడ చేరనివ్వకండి. కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందా, నేర్చుకోవడానికి పడకలున్న ఆస్పత్రి ఉందా, ఈ రెండు ప్రశ్నలు అడిగాకే ఫీజు కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉద్యోగం పేరుతో ఎవరి బీరువాలోనూ పెట్టనివ్వకండి.

సర్కారును అడగాల్సింది కూడా అడుగుదాం. ఎస్సీ స్టడీ సర్కిళ్లలో నర్సింగ్ పరీక్షలకు, విదేశీ భాషలకు ఉచితంగా శిక్షణ ఇవ్వాలి. ఫీజు బకాయిల కోసం పిల్లల కాగితాలు ఆపకూడదు. 2016 జీతాల సిఫారసు అమలు కావాలి. దళిత క్రైస్తవుల వాటా తేల్చాలి.

సర్టిఫికెట్టు లేనినాడు ఈ పని మనదే అన్నారు. సర్టిఫికెట్టు వచ్చిననాడు అర్హత ఉందా అని అడుగుతున్నారు. ఈ దేశంలో ప్రతి పెద్ద ఇంటి బొడ్డు కోసిన చేతిని అర్హత అడిగే హక్కు ఎవరికుంది?

జై భీమ్.